ఎర్మానో పులే: నెలకు ఒక రెయాల్ చందాతో నడిచిన సంఘం

పేరు వినగానే జ్యోతిరావు ఫూలే గుర్తొస్తారు గానీ ఈయన వేరు. అపొలినారియో అన్న పేరు జనం నోట్లో నలిగి పులే అయింది. ఎర్మానో అంటే స్పానిష్‌లో సోదరుడు. ఊరు అప్పట్లో స్పెయిన్ పాలనలో ఉన్న ఫిలిప్పీన్స్‌లోని లుక్బాన్, రైతు కుటుంబం. సన్యాసం తీసుకుందామని మనీలా వెళ్తే, స్థానికుడన్న ఒక్క కారణంతో మఠం చేర్చుకోలేదు. అక్కడే సాన్ హువాన్ దె దియోస్ ఆసుపత్రిలో సేవకుడిగా కుదిరాడు.

1832లో లుక్బాన్‌లో 19 మందితో ‘కొఫ్రాదియా దె సాన్ హోసే’, అంటే సెయింట్ జోసెఫ్ పేరిట ఒక భక్త సంఘం, మొదలుపెట్టాడు. సెయింట్ జోసెఫ్ పండుగ మార్చి 19 కాబట్టి ప్రతి నెలా 19నే కూడేవాళ్లు. చర్చిలో పూజ, ఆ తర్వాత ఒకరింట్లో ప్రార్థన, పాటలు. చందా మనిషికి నెలకు ఒక రెయాల్, అంటే పెసోలో ఎనిమిదో వంతు. పులే ఉండేది మనీలాలో. అక్కడి నుంచి ఉత్తరం రాస్తే, చదువొచ్చినవాళ్లు కూటంలో పైకి చదివేవాళ్లు. చదువురానివాళ్లకీ ఆయన మాట అలాగే చేరేది. దూరంగా ఉన్న మనిషి ఇన్నేళ్లు సంఘాన్ని నడపగలిగాడంటే నా లెక్కన ఈ ఉత్తరాల వల్లే.

చిక్కు ఒక నియమం దగ్గర వచ్చింది. పులే అనుమతి లేనిదే స్పానియార్డులకు, మెస్తీసోలకు (మిశ్రమ సంతతి వాళ్లకు) సభ్యత్వం లేదు. ప్రార్థన పేరుతో ఏదో కుట్ర జరుగుతోందని స్పానిష్ పాలకులు అనుమానపడ్డారు. 1840 అక్టోబరు 19న, సరిగ్గా అందరూ కూడే రోజున, లుక్బాన్ ఫాదిరీ ఫిర్యాదుతో 243 మందిని పట్టుకున్నారు.

అయినా సంఘం వాళ్లు పట్టింది ఆయుధాలు కాదు, అర్జీలు. గుర్తింపు ఇవ్వమని దగ్గర్లోని మహైహై ఊరి మఠాన్ని, తర్వాత బిషప్‌ను, చివరికి మనీలా హైకోర్టు లాంటి రెయాల్ ఆడియెన్సియాను అడిగారు. ఎక్కడా ఒప్పుకోలేదు. అందుకే దీన్ని మొదటి నుంచీ తిరుగుబాటని రాస్తే ఒప్పుకోలేను.

1841 అక్టోబరు 23న, లుక్బాన్ ఉన్న తయాబాస్ రాష్ట్రానికి గవర్నర్ అయిన ఓర్తేగా సంఘం మీద దాడికి వచ్చి పోరులో చనిపోయాడు. నవంబరు 1న సంఘం వాళ్లు మకాం వేసిన అలితావోలో సైన్యం వందల మందిని చంపింది. 4న పులేను కాల్చి, శరీరాన్ని ముక్కలు చేసి, తలను పంజరంలో పెట్టి మహైహై దారిలో గుంజకు కట్టారు. 1843 జనవరిలో మనీలాలోని తయాబాస్ రెజిమెంట్ సైనికులు తిరగబడ్డారు. అలితావోలో చచ్చిపోయినవాళ్లది వాళ్ల సొంత ప్రాంతమే.