సున్నం రాలని గోడ

నిన్న రాత్రి రైల్లో తిరిగొచ్చాను. గోళ్ల సందుల్లో గోడకు పూసిన జాజు ఎరుపు ఇంకా పోలేదు. అది పోకముందే ఇదంతా రాసేయాలనిపించింది.

నరసాపురం దగ్గరి పల్లెలో మా మామ్మ కాపురమున్న మండువా లోగిలిని ఈ వేసవి శని, ఆదివారాల్లో మళ్లీ ముస్తాబు చేశాం. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కడం, ఆదివారం రాత్రి అక్కడ మళ్లీ అదే రైలు ఎక్కడం. పెంకులు సర్దించడం, టేకు స్తంభాలు తుడిచి నూనె పట్టించడం మొదటి వారంలోనే అయిపోయాయి.

రెండో వారం మామ్మ ట్రంకు పెట్టె తెరిచాం. బండారులంక నేతచీరలు, ఒక ఉప్పాడ జామ్దానీ, రెండు పట్టుచీరలు. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉండడంతో ఒక పట్టుచీర మడత వెంబడే చిరిగిపోయింది. మిగిలినవాటిని నీడలో ఆరేసి, పాత గీత మీద పడకుండా కొత్త మడతలు వేశాం. నేతచీరకు గంజి కట్టుకునే ముందే పెట్టాలి. గంజితో దాస్తే పురుగు పడుతుంది. ఈ వేసవి మధ్యాహ్నాల్లో నేను మామ్మ నేతచీర ఒకటి కట్టుకుని మండువాలో చాప మీద కూర్చుంటే ఫ్యాను అక్కర్లేదనిపించింది.

తలుపులకూ కిటికీలకూ లేసు తెరలు పెట్టాం. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. మా వీధిలోనే అరుగుల మీద కూర్చుని అల్లే ఆడవాళ్లున్నారు. నేను పట్నం దుకాణంలో కొనలేదు, అల్లిన చేతికే డబ్బిచ్చాను. ఈ విషయంలో నాకు గర్వంగానే ఉంది. కళ్లు పాడు చేసుకుని అల్లేది ఒకరు, లాభం తినేది మరొకరు. లేసు కావాలనుకునేవాళ్లు దయచేసి ఆ అరుగు దాకా వెళ్లండి.

ఇక గోడల సంగతి.

పట్నం నుంచి ఒక మేస్త్రీని పిలిచాం. దుకాణంలో దొరికే పొడి సున్నం సంచులు తెచ్చి, బోరు నీళ్లలో అప్పటికప్పుడు కలిపి, మిట్టమధ్యాహ్నం ఎండలో దట్టంగా రెండు పూతలు కొట్టేసి వెళ్లిపోయాడు. చూడడానికి ఇల్లు పాలలా ఉంది. మూడో ఆదివారం బంధువులను భోజనానికి పిలిచాను. మా అమ్మాయికి మల్లెమొగ్గలతో పూలజడ వేయించాను. జడ కనబడేలా వెనక నిలువుటద్దం పెట్టి ఫొటోలు తీశాం. పెద్దమ్మ ముదురాకుపచ్చ ఉప్పాడ పట్టుచీర కట్టుకొచ్చింది.

పంక్తి అయ్యాక పెద్దమ్మ చెయ్యి కడుక్కోవడానికి లేచింది. వీపంతా తెలుపు. భుజం మీద నుంచి నడుము దాకా, జరీ బుటాల సందుల్లోకి కూడా సున్నం పట్టేసింది. పక్కనున్న ఇద్దరి చీరలూ అంతే. మా అమ్మాయి జడ చివర మొగ్గలకు కూడా అంటుకుంది. పెద్దమ్మ చీర దులుపుకోలేదు. అందరూ వినేలా అంది: "అమ్మాయ్, మీ మామ్మ ఉన్నన్నాళ్లూ ఈ గోడకే ఆనుకుని కూర్చున్నాం. ఒక్కనాడు కూడా ఇలా అంటలేదు."

ఆ మాట నన్ను నిలబడ్డచోటే కాల్చేసింది. చీర శుభ్రం చేయించి ఇస్తానన్నాను. "చీర సంగతి కాదులే" అని వెళ్లిపోయింది. మేస్త్రీకి ఫోను చేస్తే, సున్నమన్నాక రాలుతుంది, ప్లాస్టిక్ పెయింటు వేయించుకోండి అన్నాడు. తనకు చేతకాని పనిని సున్నం తప్పుగా చూపే మనిషికి ఇంటి తాళం ఇవ్వకండి.

మా వెనక వీధిలో ఒకప్పుడు సున్నాలు వేసిన ముసలాయన ఉన్నారు. వెళ్లి అడిగాను. ఆయన వచ్చి అరచేత్తో గోడను ఒకసారి నిమిరి, "ఇది సున్నం కాదమ్మా, పిండి" అన్నారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయిగా మారాలి. అందుకు గోడలో కొంతకాలం తడి నిలవాలి. ఎండలో దట్టంగా కొడితే రాయి కట్టకముందే ఆరి పొడిగా మిగులుతుంది. సంచుల్లో పాతబడిన పొడికి పట్టు సగం ముందే పోయి ఉంటుంది. పైగా మా బోరు నీళ్లు ఉప్పు.

అంతా గోకించేశాం. సున్నానికి కాల్చిన గుల్ల తెప్పించి తొట్టిలో వేసి నీళ్లు పోస్తే బుసబుసా పొంగి, కుతకుత ఉడికి, గుల్ల విచ్చుకుంది. ఆ సమయంలో పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు, ఒక్క చుక్క చాలు కన్ను పోవడానికి. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి, ముందుగా నింపుకున్న ఊరి చెరువు నుంచి నీళ్లు మోయించాం. సున్నాన్ని నీళ్ల కిందే వారం నానబెట్టి, పాత పంచెలో వడగట్టి, నానబెట్టిన తుమ్మబంక కలిపి, పల్చటి మజ్జిగలా చేశాం. అందులో కాస్త నీలిమందు.

తెల్లవారుజామున గోడను నీళ్లతో తడిపి మొదటి పూత. కుంచె ఆడిస్తుంటే ఏమీ పడనట్టే ఉంది, గోడ మట్టిరంగు అలాగే కనబడుతోంది. నాకు గుండె జారింది. "ఆగమ్మా" అన్నారాయన. గంటయ్యాక చూస్తే, ఆరినచోటల్లా లోపలి నుంచి తెలుపు తేలుతోంది. పైన తెరిచి ఉండే మండువా మీద గోనెపట్టాలు కట్టి ఎండ ఆపాం. మరుసటి తెల్లవారుజామున రెండో పూత, ఆ పై వారం మూడోది. మధ్య రోజుల్లో పొద్దునా సాయంత్రం ఆయనే వచ్చి నీళ్లు చల్లారు. కూలి ఇవ్వబోతే మొదట వద్దన్నారు. మేస్త్రీకి ఇచ్చిన దానికి తక్కువ కాకుండా బలవంతంగా ఇచ్చాను.

మొన్న శనివారం గోడ అడుగున జాజు పట్టీ వేసి, గడపలకు పసుపు రాసి, మామిడాకులు కట్టాం. ఆదివారం పెద్దమ్మను మళ్లీ పిలిచాను. వస్తుందనుకోలేదు. వచ్చింది, అదే ముదురాకుపచ్చ చీర కట్టుకుని. ఏమీ మాట్లాడకుండా మామ్మ కూర్చునే చోట, గోడకు వీపు ఆనించి కూర్చుని మజ్జిగ అడిగింది. మా అమ్మాయి చేత జడలో మల్లెలు పెట్టించుకుంది. సాయంత్రం దాకా అక్కడి నుంచి లేవలేదు.

లేచినప్పుడు వెనక్కి వెళ్లి చూశాను. జరీలో కూడా ఏమీ లేదు. ఇక మిగిలింది పడమటి గది. దానికి ఎప్పుడో డిస్టెంపర్ రంగు వేయించి ఉన్నారు, దాని మీద సున్నం నిలవదు, అదంతా గోకాలి. "ఆ గది గోకేటప్పుడు నాకు కబురు పెట్టు" అంది పెద్దమ్మ, చెప్పులేసుకుంటూ.