ఈస్టర్‌లోపు గిటార్ పికప్ మార్చాను: రెండు వారాల నోట్సు

ఏప్రిల్ 6, 2025, ఆదివారం

ఈ ఉదయం ఆరాధనలో మళ్లీ అదే ఇబ్బంది. కీబోర్డు, తబలా, డ్రమ్స్ మధ్య నా గిటార్ ముద్దగా ఉండిపోతోంది. తీగలు ఒక్కొక్కటిగా మీటినా స్వరాలు విడివిడిగా వినిపించడం లేదు. ఆంప్‌లో (యాంప్లిఫయర్) ట్రెబుల్, అంటే పైస్వరాల స్థాయి, పెంచితే గరుకుదనం వస్తోంది, స్పష్టత మాత్రం రావడం లేదు. లెస్ పాల్ ఆకారంలో, రెండు హంబకర్లతో ఉన్న గిటార్ ఇది. తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చేది పికప్, రెండు కాయిల్‌లు ఉన్న పికప్ హంబకర్. ఏడేళ్లుగా దీన్నే వాయిస్తున్నాను, దీన్ని వదులుకోవాలని లేదు. ఈస్టర్ 20వ తేదీన. ఆ లోపు బ్రిడ్జ్ పికప్ (తీగలు ఆనే బ్రిడ్జ్ పక్కన ఉండేది) మార్చాలని నిర్ణయించుకున్నాను.

సాయంత్రం ముందుగా ఖర్చు తక్కువ పనులు చేశాను. కొత్త తీగలు వేశాను. ఆరు మీటర్ల కేబుల్ తీసి మూడు మీటర్లది పెట్టాను. మామూలు గిటార్ కేబుల్‌కి మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ (విద్యుత్ ఛార్జిని నిలిపే గుణం) ఉంటుంది. కేబుల్ ఎంత పొడవుంటే పైస్వరాలు అంత తగ్గుతాయి. తేడా వెంటనే తెలిసింది. పికప్ కొనే ముందు ఎవరైనా ఇది చేసి చూడాలి. నాకు మాత్రం అది సరిపోలేదు.

ఏప్రిల్ 8

గిటార్‌కి కేబుల్ గుచ్చి, రెండో చివర జాక్ కొనకూ, కింది భాగానికీ మల్టీమీటర్ పెట్టి చూశాను. వాల్యూమ్ పూర్తిగా తిప్పి ఉంచితే బ్రిడ్జ్ పికప్ 13.4 కిలో ఓమ్‌లు చూపించింది. వెనక మూత తీస్తే వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే పాట్‌లు (తిప్పితే నిరోధం మారే భాగాలు) నాలుగూ 250కె, అంటే 250 కిలో ఓమ్‌లవే. పికప్ వైరు విప్పి నేరుగా కొలిస్తే 14.2. అంటే మల్టీమీటర్‌లో కనిపించిన 13.4 పాట్‌తో సమాంతరంగా కలిసిన లెక్క.

అసలు కారణం ఇక్కడే దొరికింది. పికప్‌లోని సిరామిక్ అయస్కాంతం వల్లే ముద్దగా మోగుతోందని ఇన్నాళ్లూ అనుకున్నాను, అది పొరపాటు. కాయిల్‌కి సన్నని రాగి తీగ చుట్లు మరీ ఎక్కువ. చుట్లు పెరిగితే శబ్దం గట్టిగా వస్తుంది, కానీ ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) కూడా పెరిగి పై ఫ్రీక్వెన్సీలు త్వరగా పడిపోతాయి. దానికి తోడు హంబకర్లకు మామూలుగా వాడే 500కె బదులు 250కె పాట్‌లు ఉండటంతో, మిగిలిన ట్రెబుల్‌లో కొంత వాటి గుండా గ్రౌండ్‌కి పోతోంది.

సేమూర్ డంకన్ కంపెనీ పికప్, ఫిఫ్టీనైన్ బ్రిడ్జ్ మోడల్ ఆర్డర్ పెట్టాను. ఆల్నికో 5 అయస్కాంతం, సుమారు 8.1 కిలో ఓమ్‌లు. దానితో పాటు నాలుగు ఏ500కె (ఆడియో రకం) పాట్‌లు. పాట్‌లు కొనేటప్పుడు సైజు చూసుకోవాలి. నా గిటార్‌లో ఉన్నవి చిన్నవి, షాఫ్ట్‌కి 18 పళ్లు. అమెరికన్ రకం పెద్ద పాట్‌లకి 24 పళ్లు ఉంటాయి. అవి తెస్తే చెక్కలో రంధ్రం పెద్దది చేయాలి, పాత నాబ్‌లు కూడా పట్టవు.

ఏప్రిల్ 12, శనివారం

పార్శిల్ వచ్చింది. విప్పగానే కొలిస్తే 8.5 చూపించింది. ఒక్క నిమిషం టెన్షన్ పడ్డాను. తర్వాత గది ఉష్ణోగ్రత చూస్తే 34 డిగ్రీలు. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 8.1 ఉన్నది గుంటూరు ఎండల్లో 8.5 కావడం సరైనదే.

తీగలు వదులు చేసే ముందు బ్రిడ్జ్‌నీ, తీగల చివర పట్టే కడ్డీనీ టేపుతో అంటించాను. లేకపోతే అవి ఊడి గిటార్ మీదే పడతాయి. ప్రతి వైరునూ రెండు వైపుల నుంచి ఫోటో తీశాక సోల్డరింగ్ మొదలుపెట్టాను.

గంటసేపు ఇబ్బంది పెట్టింది పాట్ వీపు మీద గ్రౌండ్ వైరు అతికించడం. 25 వాట్ల ఐరన్‌తో లెడ్ కరుగుతోంది కానీ లోహానికి అంటడం లేదు. బూడిద రంగు ఉండలా నిలిచి, తాకితే ఊడిపోతోంది. ఇదే డ్రై సోల్డర్. పక్కింటి టీవీ మెకానిక్ బాబాయి తన 60 వాట్ల ఐరన్ ఇచ్చి, "పాట్ వీపు ముందు గరుకు కాగితంతో రుద్దరా, ఐరన్ మూడు సెకన్లకు మించి పెట్టకు" అన్నారు. అలా చేస్తే మొదటిసారికే మెరిసే జాయింట్ వచ్చింది. తక్కువ వేడి ఐరన్‌ని ఎక్కువసేపు ఆనించి ఉంచితేనే పాట్ లోపలి కార్బన్ పట్టీ పాడవుతుంది.

ఈ పికప్ నుంచి నాలుగు రంగుల వైర్లు, ఒక ఉత్త వైరు వస్తాయి. నలుపు వాల్యూమ్ పాట్‌కి. ఎరుపు, తెలుపు ఒకదానితో ఒకటి కలిపి టేపు చుట్టాను. పచ్చ, ఉత్త వైరు గ్రౌండ్‌కి.

బ్రిడ్జ్ పికప్ ఒక్కటే పెడితే ఖంగుమని మోగింది. స్విచ్ మధ్యలో పెట్టి రెండు పికప్‌లూ కలిపితే మాత్రం బేస్ అంతా పోయి, డబ్బాలోంచి వస్తున్నట్టు పలచటి శబ్దం.

ఏప్రిల్ 14

నిన్న మట్టల ఆదివారం ఆరాధనలో మధ్య స్థానం జోలికి వెళ్లకుండా వాయించాను. ఈ రోజు అంబేడ్కర్ జయంతి సెలవు కాబట్టి మళ్లీ విప్పాను.

పాత నెక్ పికప్ (గిటార్ మెడ వైపుది), కొత్త బ్రిడ్జ్ పికప్ ఫేజ్‌లు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకటి తోస్తుంటే మరొకటి లాగుతోంది, కింది స్వరాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటున్నాయి. బిగించక ముందే దీన్ని తెలుసుకోవచ్చు. పికప్ వైర్లకు మీటర్ పెట్టి, స్క్రూడ్రైవర్‌ని పోల్స్‌కి (తీగల కింద పికప్ మీద కనిపించే లోహపు ముక్కలు) ఆనించి చటుక్కున లాగితే అంకె ఒక క్షణం పెరుగుతుంది లేదా తగ్గుతుంది. రెండు పికప్‌లకీ ఒకే వైపు కదలాలి. శనివారం ఆ తొందరలో నేను చూడలేదు.

పాత పికప్‌కి ఒకే వైరు, దాని చుట్టూ షీల్డ్. దాన్ని తిప్పడానికి లేదు. కొత్తదానిలో నలుపు, పచ్చ స్థానాలు మార్చాను. ఉత్త వైరు మాత్రం గ్రౌండ్‌లోనే ఉండాలి. పది నిమిషాల్లో మధ్య స్థానం నిండుగా వచ్చింది.

మూత వేసే ముందు ఎరుపు, తెలుపు జంటని క్లిప్‌తో గ్రౌండ్‌కి కలిపి, ఒక్క కాయిల్‌తో కూడా విన్నాను. ఇంకా పలుచగా, ఇంకా మెరుపుగా ఉంది. కానీ ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పగానే గుంయ్‌మని హమ్. చర్చిలో పది ఫ్యాన్లు తిరుగుతాయి. హంబకర్ అన్న పేరే ఆ హమ్‌ని అణచేదని కదా, దాన్ని ఎందుకు వదులుకోవాలి? క్లిప్ తీసేశాను.

ఏప్రిల్ 17

మిగిలింది పికప్ ఎత్తు. చివరి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) దగ్గర తీగని నొక్కి ఉంచి, పోల్ నుంచి తీగ అడుగు వరకు స్టీల్ స్కేలుతో కొలవాలి. లెస్ పాల్ తయారుచేసే గిబ్సన్ వాళ్లు సూచించే బ్రిడ్జ్ 1.6, నెక్ 2.4 మిల్లీమీటర్లతో మొదలుపెట్టాను. పాత నెక్ పికప్ జోరుగా ఉండటంతో కొత్తదాన్ని మింగేస్తోంది. ఒక్కో స్క్రూ అరచుట్టు చొప్పున దించుతూ, ప్రతిసారీ ఒకే కీర్తన ఫోన్‌లో రికార్డు చేసి విన్నాను. నెక్ 3.2 దగ్గర రెండూ సమంగా వచ్చాయి.

ఏప్రిల్ 20, ఈస్టర్

తెల్లవారుజాము ఆరాధన. ఆంప్‌లో ట్రెబుల్ ఆరు నుంచి నాలుగుకి తగ్గించాల్సి వచ్చింది. రెండో పాటలో డి కార్డ్ నుంచి జి కార్డ్‌కి వెళ్లేటప్పుడు పై రెండు తీగలు తబలా మీదుగా విడిగా వినిపించాయి. కీబోర్డు వాయించే అక్క తల తిప్పి చూసింది. నెక్ పికప్‌ని ఇప్పుడే ముట్టుకోను. దాని పాట్‌లు కూడా 500కె అయ్యాయి కదా, ఒక నెల విన్నాక చూస్తాను.