ఖాళీ అనుకున్న పిస్తోలు

నిన్న రాత్రి డాలస్‌లో, మా ఇంటి గ్యారేజీలో పిస్తోలు శుభ్రం చేద్దామని కూర్చున్నాను. తూటాలుండే మ్యాగజీన్ తీసి పక్కన పెట్టాను. ఇక ఖాళీయే అనుకున్నాను. అలవాటు కొద్దీ స్లైడ్ (పిస్తోలు పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగితే ఛాంబర్‌లోంచి, అంటే పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే చోటు నుంచి, తూటా ఒకటి టంగుమని నేల మీద పడింది!

చేతులు చల్లబడ్డాయి. నాది గ్లాక్ 19. విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కక తప్పదు. మ్యాగజీన్ తీసినంత మాత్రాన ఛాంబర్‌లోని తూటా బయటికి రాదు. మ్యాగజీన్ ఉండగానే స్లైడ్ లాగి వదిలితే ఇంకో తూటా లోపలికి ఎక్కి కూర్చుంటుంది. అందుకే ముందు మ్యాగజీన్, తర్వాత స్లైడ్ అనే ఆ వరస.

గొట్టం ఇసుక బస్తా వైపే ఉంచి, స్లైడ్‌ను వెనక్కి నిలిపి, లోపల కంటితో చూశాను. నమ్మకం చాలక చిటికెన వేలితో తడిమాను. మళ్లీ ఒకసారి. తూటాలన్నీ పక్క గదిలో పెట్టి వచ్చేసరికి కాఫీ చల్లారిపోయింది. నూనె గుడ్డ ముట్టనే లేదు.