రంగులు సరిగా కనపడనివాడు కలర్ థెరపీకి వెళ్తే

నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా సరిగా తెలియదు. పుట్టుకతో వచ్చింది. అమ్మ వైపు నుంచి దిగింది, మా మేనమామకీ ఉంది. లేత గులాబీ, లేత ఆకుపచ్చ, బూడిద రంగు, ఈ మూడూ నా కంటికి ఒక కాన్పు పిల్లల్లా ఉంటాయి. దీనివల్ల పెద్దగా నష్టపోయిందేమీ లేదు. చొక్కాలు మా ఆవిడ ఎంచి పెడుతుంది, నేను తొడుక్కుంటాను. అలాంటివాణ్ణి డబ్బు కట్టి మరీ కలర్ థెరపీకి, అంటే రంగులతో ఒంటినీ మనసునీ నయం చేస్తామనే చోటికి, వెళ్ళాను. నవ్వేవాళ్ళు కాసేపు ఆగి మొత్తం చదవండి.

అసలు బాధ నిద్ర. పడుకుంటే పట్టదు. పట్టినా తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది, ఇక ఆఫీసు లెక్కలన్నీ బుర్రలో తిరుగుతాయి. డాక్టర్ పరీక్షలన్నీ చేయించి ఏ లోపమూ లేదన్నారు. టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఎలా తగ్గించుకోవాలో మాత్రం చెప్పలేదు. మాత్రలు నాకు ఇష్టం లేదు. అప్పుడు మా ఆవిడ, "ఏమండీ, ఎసెన్షియల్ ఆయిల్స్ వాడి చూడకూడదూ?" అంది. అంటే మొక్కల నుంచి తీసిన చిక్కటి సువాసన నూనెలు.

ఆ భాగం హాయిగా సాగిపోయింది. నూనె వాసనని గదంతా వెదజల్లే డిఫ్యూజర్ కొన్నాం. నీళ్ళు పోసి, లావెండర్ చుక్కలు నాలుగు వేసి, పడుకోబోయే ముందు ఓ అరగంట పెట్టి ఆపేయడమే. రాత్రంతా పెట్టి ఉంచితే కొందరికి తలనొప్పి వస్తుంది. పసిపిల్లలున్న గదిలో యూకలిప్టస్, పెప్పర్‌మింట్ జోలికి పోకండి. పిల్లులు ఉంటే టీ ట్రీ అసలు వద్దు, వాటి కాలేయం ఆ నూనెను అరాయించుకోలేదు. ఒంటికి రాసుకోవాలంటే నువ్వుల నూనెలోనో కొబ్బరి నూనెలోనో కలపాలి, 30 మిల్లీలీటర్లకి 12 చుక్కలు దాటకూడదు. సీసాల మీద 2 శాతం అని రాసేది ఈ లెక్కే. ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజు ఆగి చూడాలి. బర్గమోట్ లాంటి నిమ్మజాతి నూనె రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్టు మచ్చ పడుతుంది. అందులోని బెర్గాప్టెన్ అనే పదార్థానికి ఎండ తగిలితే జరిగే పని అది. ఆ పదార్థం తీసేసిన బర్గమోట్ కూడా దొరుకుతుంది.

ఇక్కడ కాస్త గొప్ప చెప్పుకోనివ్వండి. రంగుల దగ్గర దేవుడు చేసిన అన్యాయం ముక్కు దగ్గర సరిచేశాడు. అసలు లావెండర్‌కీ, దాని సంకరజాతి లావండిన్‌కీ తేడా మూత తియ్యగానే చెప్తాను. లావండిన్‌లో కర్పూరం వాసన ఎక్కువ, ముక్కుని కొంచెం పొడుస్తుంది. అమ్మేవాళ్ళలో చాలామందికి ఈ తేడా పట్టదు, రెంటికీ ఒకే పేరు పెట్టి అమ్ముతారు. సీసా మీద 'లావెండ్యులా అంగుస్టిఫోలియా' అని పూర్తి పేరు లేకపోతే నేను కొనను. 'థెరప్యూటిక్ గ్రేడ్' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది చూడండి, దానికి ఏ ప్రభుత్వ ప్రమాణమూ లేదు. కంపెనీలు తమకి తామే ఇచ్చుకున్న బిరుదు అది.

లావెండర్‌తో కొంత తేడా కనిపించింది. అక్కడితో ఆగొచ్చు కదా అంటే, ఎవరో మా ఆవిడకి ఒక సెంటర్ గురించి చెప్పారు. అక్కడ ఆయిల్స్, కలర్ థెరపీ కలిపి ఒకటే కోర్సు. విడివిడిగా ఇవ్వరు. నాకు కావలసింది ఆయిల్స్ మసాజ్, రంగులు ఉచితంగా తగులుకున్నాయి.

ముందు ఒక ఫారం ఇచ్చారు. నాలుగు పేజీలు. మీ కల ఏ రంగులో వస్తుంది, చిన్నప్పుడు మీ గది గోడల రంగేమిటి లాంటి ప్రశ్నలన్నీ ఉన్నాయి. చివర్లో 'కంటికి సంబంధించిన సమస్యలు' అని ఒక గడి ఉంది. అందులో 'ఎరుపు-ఆకుపచ్చ వర్ణాంధత్వం, పుట్టుకతో' అని స్పష్టంగా, పెద్ద అక్షరాలతో రాశాను. కింద గీత కూడా గీశాను. రిసెప్షన్‌లో అమ్మాయి తీసుకుని స్టేప్లర్ కొట్టి ఫైల్లో పెట్టేసింది.

తర్వాత లోపలికి పిలిచారు. విడిగా చూస్తారనుకున్నాను. కాదు, గుంపుగా కూర్చోబెట్టారు. మధ్యలో తెల్ల గుడ్డ పరిచి, దాని మీద రంగు కార్డులు పేర్చారు. మేడమ్ మెత్తగా మాట్లాడుతుంది, ప్రతి మాటకీ ముందు కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకుంటుంది. "ఆలోచించకుండా మనసుకి నచ్చిన మూడు కార్డులు తీయండి. మీరు కాదు, మీ లోపలి మనిషి తీస్తాడు" అంది.

లోపలి మనిషికీ బయటి మనిషికీ ఉన్నవి ఇవే రెండు కళ్ళు. నీలం ఒకటి తీశాను, అది నాకు బాగానే తెలుస్తుంది. రెండోది బూడిద రంగు, నా చొక్కాల్లాంటిది. మూడోది మట్టి రంగు. ఏవీ అల్లరి చేసే రంగులు కావు, ప్రశాంతంగా ఉన్నాయి అనుకున్నాను.

నా వంతు వచ్చింది. మేడమ్ రెండో కార్డు చేతిలోకి తీసుకుంది. "ఇది ఎందుకు తీశారు సార్?"

"బూడిద రంగు ఇష్టమండీ, నిమ్మళంగా ఉంటుంది."

ఆవిడ ఆ కార్డుని పైకెత్తి అందరికీ చూపించింది. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. అది గులాబీ అట. "చూశారా," అంది మేడమ్ నాతో కాదు, వాళ్ళతో. "ప్రేమ కోసం లోపల ఎంత ఆకలి ఉందో. దాన్ని ఒప్పుకోలేక బూడిద అంటున్నారు. తిరస్కరణ అంటే ఇదే." మట్టి రంగు అనుకున్నది ముదురు ఆకుపచ్చ అట. హృదయ చక్రం మూసుకుపోయిందట. యాభై దగ్గర పడుతున్న మనిషిని, పెళ్ళాం పిల్లలున్నవాణ్ణి, ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య ప్రేమకి మొహం వాచినవాణ్ణి చేసి కూర్చోబెట్టింది.

"మేడమ్, నాకు రంగులు సరిగా తెలియవు. ఫారంలో రాశాను" అన్నాను.

ఆవిడ ఫారం తిరగేయలేదు. ఫైలు ఆవిడ మోకాలి పక్కనే ఉంది. ఈలోపు మొదలైంది, నాలాంటివాళ్ళందరికీ అలవాటైన తంతు. పక్కాయన తన చొక్కా పట్టుకుని "ఇది ఏ రంగో చెప్పండి" అన్నాడు. ఇంకొకావిడ బ్యాగ్ ఎత్తింది. ఎవరికైనా కాలు విరిగిందంటే "ఏదీ, గెంతి చూపించు" అంటామా? బడిలో మొదలైన ఈ ప్రశ్న ఇంకా వెంటాడుతూనే ఉంది. యూరప్ మూలాలున్న మగవాళ్ళలో నూటికి ఎనిమిది మంది దాకా ఈ లోపం ఉన్నవాళ్ళే, మిగతా చోట్ల కొంచెం తక్కువ. అంటే ఆ సెంటర్‌కి నాకంటే ముందు వచ్చినవాళ్ళలో ఎంతమంది 'తిరస్కరణ'లు వెళ్ళిపోయారో. రంగుల మీద బతికే చోట రంగులు కనపడతాయా అని అడిగి, ఆ జవాబు చదివే దిక్కు లేదు. రంగు చుక్కల మధ్య దాగిన అంకె చదివించే ఇషిహారా పరీక్ష 1917 నుంచి ఉంది, నిమిషాల్లో అయిపోతుంది.

చివరికి మేడమ్ అంది, "కళ్ళు చూడకపోయినా ఆత్మ చూస్తుంది సార్. రంగు అనేది కంపనం."

సరే, నేనూ ఊరుకోలేదు. "ఆత్మే చూస్తే మీరు చెప్పిందంతా ఎక్కడిది మేడమ్? కార్డులు తీసింది నా కళ్ళు. అవి చూడలేవని మీరే ఒప్పుకుంటున్నారు. మరి ఆ ప్రేమ ఆకలి ఎవరిది?" అన్నాను. ఆవిడ మళ్ళీ కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకుంది. "నమ్మకం లేనివాళ్ళకి ఇది పని చేయదు" అంది. ఈ మాట ఎవరి నోట వచ్చినా సరే, లేచి వచ్చేయండి. పనిచేస్తే వాళ్ళ గొప్ప, చేయకపోతే మన లోపం.

నేను మాత్రం లేచి రాలేదు, డబ్బు కట్టేశాను కదా. పైగా మసాజ్ మిగిలి ఉంది.

మసాజ్ కంటే ముందు సహాయకురాలు అందరి మణికట్టు మీదా ఆయిల్ చుక్క వేసుకుంటూ వచ్చింది. ఏ నూనెలోనూ కలపకుండా, సీసాలోంచి నేరుగా. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పక్కనున్నావిడకి కాసేపటికి అక్కడ ఎర్రగా పొంగింది. నాకు రంగు తెలియలేదు గానీ ఉబ్బు కనిపించింది, గోక్కోవడం కనిపించింది. "విషాలు బయటికి వస్తున్నాయి, మంచిదే" అన్నారు. విషమూ కాదు, ఏమీ కాదు. లావెండర్‌లో వాసననిచ్చే లినలూల్ లాంటి పదార్థాలు గాలి తగిలి పాతబడితే ఎలర్జీ తెచ్చేవిగా మారతాయి. ఒకసారి పడకపోవడం మొదలైతే తర్వాత సబ్బులో ఆ వాసన ఉన్నా ఒళ్ళు ఊరుకోదు. ఆవిడని చెయ్యి కడుక్కోమన్నాను. ఉత్త నీళ్ళతో పోదు, ముందు మామూలు నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి. మేడమ్ నా వైపు చూసిన చూపులో ప్రశాంతత ఏమీ లేదు.

ఆ తర్వాత నీలం దీపం. నిద్రకి నీలం అని వాళ్ళ చార్టులో ఉంది, చల్లదనం ఇస్తుందట. సాయంత్రం పూట మొహం మీదికి నీలం లైటు వేసి పడుకోబెట్టారు. ఇంట్లో మంచం పక్కన కూడా నీలం బల్బు పెట్టుకోమన్నారు. "ఆస్పత్రుల్లో కామెర్ల పసిపిల్లలకి నీలం లైటు పెట్టరా? అదే ఇది" అంది మేడమ్.

అది ఇది కాదు. పసిపిల్లల ఒంట్లో పేరుకుని కామెర్లు తెచ్చే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం 460 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే నీలం కాంతిని బాగా పీలుస్తుంది. పీల్చి రూపం మారి, మలమూత్రాల్లో బయటికి పోతుంది. పని జరిగేది చర్మం దగ్గర. పిల్లల కళ్ళకి గంతలు కట్టి మరీ లైటు వేస్తారు. నాకు కళ్ళ మీదే వేశారు. కంటి వెనక పొరలో మెలనాప్సిన్ అనే, వెలుగుని పసిగట్టే పదార్థం ఉన్న కణాలు కొన్ని ఉంటాయి. రంగులు గుర్తుపట్టడం వాటి పని కాదు, పగలా రాత్రా అని మెదడుకి చెప్పడం వాటి పని. 480 నానోమీటర్ల దగ్గరి నీలానికి అవి బాగా స్పందిస్తాయి, నిద్ర తెప్పించే మెలటోనిన్‌ని ఆపుతాయి. నాలో తేడా ఉన్నది రంగులు చూసే కోన్ కణాల్లో. ఈ కణాలు మాత్రం లక్షణంగా ఉన్నాయి. ఆ రాత్రి అవి ఎంత లక్షణంగా పనిచేశాయంటే, తెల్లారేదాకా రెప్ప పడలేదు.

వేల ఏళ్ళ నాటి శాస్త్రం అని కూడా చెప్పారు. ఒంట్లోని చక్రాలకి మూలాధారం ఎరుపు, హృదయం ఆకుపచ్చ అంటూ ఇంద్రధనుస్సు వరస. చక్రాల గురించి చెప్పే 16వ శతాబ్దపు సంస్కృత గ్రంథం షట్చక్రనిరూపణంలో చూస్తే అనాహతం, అంటే ఆ హృదయ చక్రమే, దాని రేకులు మంకెన పువ్వు రంగు, అంటే ఎరుపు. బొడ్డు దగ్గరి మణిపూరం రేకులు వానమబ్బు రంగు. నాకైతే ఎరుపూ ఆకుపచ్చా ఒకటే, మేడమ్‌కి కాదుగా. రంగు గాజుల్లోంచి లైటు వేసి రోగాలు నయం చేస్తామన్న యంత్రాలు 1920లోనే వచ్చాయి. బొంబాయిలో పుట్టి అమెరికాలో స్థిరపడిన దిన్‌షా ఘడియాలీ వాటిని అమ్మాడు. 1947లో అక్కడి కోర్టు తప్పుడు ప్రచారం కింద ఆయన్ని దోషిగా తేల్చింది.

ఇప్పుడు నేను చేస్తున్నది చెప్తాను. సాయంత్రం అయ్యాక పెద్ద లైట్లు ఆర్పేసి, 2700 కెల్విన్ అని రాసున్న, పసుపు ఛాయ వెలుగిచ్చే బల్బు ఒకటే, అదీ కంటి ఎత్తు కంటే కింద పెట్టుకుంటాను. లావెండర్ అరగంట. ఫోన్ హాల్లో. పొద్దున లేవగానే ఆరుబయట కాసేపు నడక. నిద్ర చాలావరకు దారిలో పడింది. ఇందులో వాసన వాటా ఎంత, వెలుగు వాటా ఎంత అని పంచి చెప్పలేను, చెప్పేవాళ్ళని నమ్మను కూడా. ఎవరికైనా నెలల తరబడి నిద్ర లేకపోతే మాత్రం ముందు డాక్టర్ దగ్గరికే వెళ్ళండి. నేనూ మొదట అక్కడికే వెళ్ళాను.

మిగిలిన సిట్టింగులు వద్దు, డబ్బు వెనక్కి ఇవ్వమని మెయిల్ పెట్టాను. ఆకుపచ్చ తక్కువైంది కాబట్టే ఈ అసహనం అని జవాబు, పైన ఒక అదనపు కోర్సు తగ్గింపు ధరకి. మళ్ళీ రాశాను, గట్టిగా. చివరికి నిన్న జమ చేశారు, మన చుట్టూ ఉంటుందని వాళ్ళు చెప్పే కాంతి వలయం మీద ఇచ్చిన 'ఆరా రిపోర్ట్' ఖర్చు కోసుకుని. అది నా వ్యక్తిగత కంపనాలతో తయారైంది కనక ఇంకొకరికి పనికిరాదట. ఆ రిపోర్టులో ఉన్నదంతా గ్రాఫులే. మంచివి ఆకుపచ్చ గీతలు, చెడ్డవి ఎర్ర గీతలు. మా ఆవిడ పక్కన కూర్చుని చదివి వినిపించింది.

నేను నింపిన ఫారం కాపీ పంపమని అడిగాను, ఆ చివరి గడి చూపించి మిగతా డబ్బు కూడా అడుగుదామని. ఇంకా రాలేదు.