ఉప్పు వేస్తే చాలనుకున్నా

ఉప్పునీళ్ల స్విమ్మింగ్ పూల్ అంటే క్లోరిన్ గొడవే ఉండదని ఇన్నాళ్లూ అనుకున్నాను, తీరా చూస్తే ఆ ఉప్పునీళ్లలోకి కరెంటు పంపి క్లోరిన్ తయారుచేయడమే పూల్ మెషిన్‌లో ఉండే సెల్ (లోహపు ప్లేట్లున్న భాగం) చేసే పని. ఈ సంగతి నాకు నీళ్లు పచ్చబడ్డాకే తెలిసింది.

మెషిన్ ఆన్‌లోనే ఉంది, ఉప్పు 3200 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 3200 పాళ్లు, చూపిస్తోంది (సముద్రంలో దాదాపు 35000, అందుకే నోట్లో పడినా పెద్దగా తెలీదు), మరి నాచు ఎందుకు పట్టినట్టు? టెస్ట్ చేస్తే పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) 8.2! 7.2 నుంచి 7.8 మధ్యలో ఉండాలి. సెల్ నడిచేకొద్దీ అది పైకి పోతూనే ఉంటుంది, పోతే ఉన్న క్లోరిన్ పదును తగ్గుతుంది, పైగా సెల్ ప్లేట్ల మీద తెల్లగా కాల్షియం పేరుకుంటుంది. విప్పి చూస్తే సరిగ్గా అదే. దానికితోడు స్టెబిలైజర్ (ఎండకి క్లోరిన్ పోకుండా నీళ్లలో కలిపే మందు) దాదాపు సున్నా, అంటే తయారైన క్లోరిన్‌ని తయారైనట్టే ఎండ తినేస్తోంది. నేనేమో ఇంకో బస్తా ఉప్పు పోద్దామా అని చూస్తున్నా, నా తెలివికి దండం.

యాసిడ్ కలిపిన నీళ్లలో సెల్ నానబెట్టి (యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, అటుది ఇటు చేస్తే చిమ్ముతుంది), పీహెచ్ దించి, లిక్విడ్ క్లోరిన్ పోసి, గోడలు రుద్ది రుద్ది భుజాలు పడిపోయాయి. నాలుగో రోజుకి అడుగున ఉన్న టైల్ గీతలు కనిపించాయి. ఇప్పుడు వారానికి రెండుసార్లు టెస్ట్, ఫిల్టర్ కడగడం, ఉప్పు మాత్రం ముట్టుకోలేదు.