మరిదికి పడ్డ మాత్రలు నాకెందుకు పడలేదు

కందుకూరులో మా ఇంటి వరండాలోనే నా కుట్టుమిషను. నిరుడు దసరా ముందు మెడ పక్కన గోలీకాయంత గడ్డ లేచింది. సూదితో తీసి పరీక్ష చేసి టీబీ అన్నారు. సర్కారు మాత్రలే, ఆరు నెలలు వాడాలి. నా బరువు 39 కిలోలు కాబట్టి రోజుకు మూడు. ఒక్కోదాంట్లో నాలుగు మందులు కలిపి ఉంటాయి.

నాకు పెద్దగా భయం వెయ్యలేదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనిచేసే మా మరిది రెండేళ్ల కిందట ఇవే మాత్రలు వాడాడు. (ఆ రాతి దుమ్ము పీల్చేవాళ్లకు టీబీ తొందరగా వస్తుందట, అది వేరే కథ.) సాయంత్రం క్వార్టరు మానకుండానే కోర్సు పూర్తిచేసి లేచి తిరిగాడు. "ఏం కాదు వదినా, ఒంటేలు నారింజ రంగులో వస్తది, జడుసుకోబాక" అన్నాడు.

ఆ మాటే నన్ను ముంచింది. ఆ నాలుగు మందుల్లో రిఫాంపిసిన్ అనేదానికి మొదటిరోజు నుంచే ఆ రంగు వస్తుంది, అది మామూలే. అయిదో వారంలో ఆ నారింజ రంగు కాస్తా టీ డికాషన్‌లా నల్లబడింది. మందు రంగేలే అనుకున్నా. అప్పుడు కార్తీక మాసం. సోమవారాలు చుక్కలు చూసేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేదాన్ని కాదు, పొద్దున మాత్రలకు తప్ప. తాలింపు వాసనకే కడుపులో తిప్పేది. వీధి చివర ఆర్ఎంపీ గ్యాస్ బిళ్లలిచ్చాడు, వారం మింగాను. చివరికి జాకెట్టు కొలతలకు వచ్చిన పిల్ల దగ్గరగా చూసి "అక్కా, నీ కళ్లేంది పసుపు రాసినట్టున్నాయి?" అంది.

ఒంగోలు తీసుకెళ్లారు. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ, నలభై లోపు ఉండాల్సింది 612 ఉంది. "టీబీ మాత్రలన్నీ ఇవాళే ఆపెయ్యమ్మా" అన్నారు డాక్టరు. "తాగేవాడికి రాలేదు, టీ తప్ప తాగని నాకొచ్చిందేంది సార్?" అని ఏడ్చేశాను.

ఆయన రిపోర్టు వెనక చెరువు బొమ్మ గీశారు. ఆ నాలుగింట్లో ఐసోనియాజిడ్ అనే మందును లివర్లో ఒక ఎంజైమ్ బయటికి తోలుతుంది. అదొక తూము అనుకోమన్నారు. కొందరికి వెడల్పు, కొందరికి ఇరుకు, అమ్మానాన్నల నుంచి వచ్చేదే. ఇరుకైతే మందు నిలవపడి వేరే దారి పడుతుంది, ఆ దారిలో విషపదార్థం తయారవుతుంది. రిఫాంపిసిన్ ఆ దారిని ఇంకా తోస్తుంది. మన దేశంలో సగానికి పైగా జనానిది ఇరుకు తూమే.

"మరి అందరికీ రావాలిగా?"

"అదొక్కటే కాదమ్మా. ఆడవాళ్లకూ వయసు పైబడిన వాళ్లకూ ఎక్కువ. ఒళ్లు చిక్కితే ఎక్కువ. విషాన్ని విరిచే సరుకు లివర్లో తిండితోనే నిండాలి, నువ్వేమో ఉపవాసాలున్నావు. హెపటైటిస్ బి, సి ఉన్నా, మద్యం తాగినా ముప్పే. మీ మరిది బతికిపోయాడు, అంతే."

మూడు వారాలు టీబీ మాత్రలు లేవు. రాత్రంతా దురద. అత్త ఎక్కడినుంచో పసరు తెప్పించింది. గ్లాసు పక్కనే పెట్టుకుని కూర్చున్నా, ఒట్టు, తాగేద్దామనే అనిపించింది. డాక్టరు వద్దన్నారని జామచెట్టు మొదట్లో పోశాను. అత్త రెండు రోజులు మాట్లాడలేదు.

ఎస్‌జీపీటీ 70కి దిగాక మందులు ఒక్కొక్కటే మొదలుపెట్టారు. ముందు ఇథాంబుటాల్, రిఫాంపిసిన్. వారానికి రక్తపరీక్ష. తర్వాత ఐసోనియాజిడ్. ల్యాబు బల్ల మీద కూర్చుని రిపోర్టు కోసం చూసే ఆ అరగంట టెన్షన్ జబ్బుకన్నా ఘోరం. చిత్రమేమిటంటే, తూము బొమ్మ గీయించిన మందు తిరిగి వేసుకున్నా ఏమీ కాలేదు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కలిసినప్పటి బరువు వేరన్నారు డాక్టరు. లివర్‌ను దెబ్బతీసేవాటిలో పైరజినమైడ్ కూడా గట్టిదేనట, దాన్ని మాత్రం మళ్లీ ఇవ్వలేదు. అందుకే ఆరు నెలల కోర్సు తొమ్మిదికి సాగింది.

ఇప్పుడు 45 కిలోలున్నాను. ఈ కార్తీక సోమవారం ఇడ్లీ తినే గుడికెళ్లాను, అత్త చూసి కూడా ఏమీ అనలేదు. మరిది మాత్రం తాగుడు మానలేదు. మొన్న చీమకుర్తి నుంచి వచ్చినప్పుడు, ఎవరూ లేరనుకుని, నా మిషను పక్కనున్న అద్దంలో కింది రెప్ప లాగి కళ్లు చూసుకుంటున్నాడు.