గోల్డ్ మెంబర్‌నే, అయినా...

ఏళ్ల తరబడి ఒకే హోటల్ చైన్‌లో దిగుతూ, రాత్రులు లెక్కపెట్టుకుని మరీ గోల్డ్ స్టేటస్, అంటే తరచూ దిగేవాళ్లకి వాళ్లిచ్చే పై స్థాయి మెంబర్‌షిప్, తెచ్చుకున్నాను. బయటి సైట్లలో తక్కువకి దొరికినా, పాయింట్లు పోతాయని వాళ్ల యాప్‌లోనే బుక్ చేశాను.

నిన్న రాత్రి 11 దాటాక చేరాను. అప్‌గ్రేడ్, అంటే అదే రేటుకి ఇంకాస్త మంచి గది, లేదన్నారు. గదులు ఖాళీ ఉంటేనే ఇస్తారు, అది రూలే, ఒప్పుకుంటాను. కానీ ఇచ్చిన గది లిఫ్ట్ పక్కనే. తలుపు తెరుచుకున్నప్పుడల్లా టింగుమని మోత. దుప్పటి మీద ఎవరిదో పొడవాటి వెంట్రుక. ఏసీ నుంచి చుక్కచుక్కగా నీళ్లు కారి మంచం పక్కన కార్పెట్ తడిసి ముద్దయింది. మూడుసార్లు ఫోన్ చేశాను. "పంపిస్తున్నాం సర్" అన్నారే గానీ రాత్రి 2 అయ్యేదాకా ఎవరూ రాలేదు. చెత్తబుట్ట తెచ్చి కింద పెట్టుకుని పడుకున్నాను.

పొద్దున, సారీ, కొన్ని పాయింట్లు వేస్తామన్నారు. రాత్రి ఒక్కరు పైకొచ్చి చూసుంటే చాలు, నేనేమీ అడిగేవాణ్ణి కాదు. నిజంగా మనసు నొచ్చుకుంది.